తిరగని బండికి తుప్పెక్కువ

మాది మన్ననూర్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, అటవీశాఖ చెక్‌పోస్టు ఉన్న ఊరు. మీలో చాలామంది మా ఊరిని కారు అద్దంలోంచి చూసే ఉంటారు. దిగి చాయ తాగినవాళ్లూ ఉంటారు. మామూలు రోజుల్లో రాత్రి 9 గంటలకు ఇక్కడ గేటు పడుతుంది, మళ్లీ పొద్దున 6 గంటలకు లేస్తుంది. ఆ తొమ్మిది గంటలు అడవిలో రోడ్డు జంతువులది. అందుకని గేటు పడ్డాక మా ఊరికి చెవులు మొలుస్తాయి. ఎవరింటి తలుపు కిర్రుమందో, ఎవరి గేదె అరిచిందో అందరికీ తెలుస్తుంది.

అలాంటి ఊళ్లో, సంక్రాంతికి వారం ముందు ఒక చలి పొద్దున, నేను నా పాత కారు తాళం తిప్పాను. ఎప్పుడూ గురక పెట్టినంత మెల్లగా మొదలయ్యే బండి, ఆ రోజు బుర్రుమని గర్జించింది. అరుగు మీది కుక్క లేచి పరుగు పెట్టింది. గోడ అవతల నుంచి పక్కింటాయన తల బయటపెట్టి అడిగాడు:

"ఏంది సారూ, ట్రాక్టర్ కొన్నరా?"

నవ్వి ఊరుకున్నాను. సాయంత్రానికి ఊళ్లో నలుగురు అదే మాట అడిగేసరికి, నవ్వు ఆపి కారు కింద పడుకున్నాను.

ఈరోజు నేను మీతో మాట్లాడబోయేది ఆ కారు కింది సంగతి. సైలెన్సర్ సంగతి. అది ఎందుకు తుప్పు పడుతుంది, తుప్పు పడితే మనమే ఇంటి దగ్గర ఎలా మార్చుకోవచ్చు, ఏ పని మాత్రం మనం ముట్టకూడదు అనే ముచ్చట.

టార్చి వేసి చూస్తే సైలెన్సర్ పైకి బాగానే కనబడింది. కాస్త ఎర్రబారింది, అంతే. పదిహేడేళ్ల బండికి ఆ మాత్రం రంగు మారడం వింతేమీ కాదు. కింది వైపు అతుకు దగ్గర మట్టి అంటుకున్నట్టుంటే వేలితో గీకాను. మట్టి రాలలేదు, వేలే లోపలికి పోయింది. రేకు అప్పడం లాగా విరిగింది. దాంతోపాటు ఎర్రటి పొడి రాలి నా కంట్లో పడింది. మా ఆవిడ చెంబుతో నీళ్లు కొడుతూ, "అరవై దాటినాక కారు కింద దూరే పని ఏమొచ్చింది" అని అడిగింది. జవాబు నా దగ్గర లేదు గానీ, శ్రోతలారా, మొదటి జాగ్రత్త అప్పుడే నేర్చుకున్నాను. కారు కింద తల పెట్టే ముందు కళ్లకు అద్దాలు ఉండాలి. చదువుకునే కళ్లజోడైనా సరే, ఏమీ లేకపోవడం కంటే నయం.

మర్నాడు అచ్చంపేటలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాను. శబ్దం వినగానే ఆయన బండి కిందికి వంగనైనా వంగలేదు. ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"సార్, బండి రోజుకు ఎంత దూరం దీస్తరు?"

"ఎక్కడయ్యా, నాది మోస్తరు వాడకం. పొద్దున మనవణ్ణి బడి బస్సు దగ్గర దింపుతా. పాలు తెస్తా. మొత్తం కలిపి రెండు కిలోమీటర్లు దాటదు. బండి ఎంత జాగ్రత్తగా చూసుకుంటానో!"

"గదే సార్ రోగం. తిరిగే బండికి టైర్లు అరుగుతయి. తిరగని బండికి సైలెన్సర్ పోతది."

ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. ఆ మాట నన్ను అక్కడే నిలబెట్టింది. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. మెకానిక్ అన్నది అక్షరాలా నిజం.

ఆ లెక్క మీకూ చెబుతాను. పెట్రోలులో ఉండేవి ముఖ్యంగా రెండు: కార్బన్, హైడ్రోజన్. ఇంజన్లో అది కాలినప్పుడు కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరు అవుతుంది. ఎంత నీరు? ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. అవును, పోసిన పెట్రోలు ఎంతో, వచ్చే నీళ్లూ దాదాపు అంతే. మనకు కనబడవు, ఎందుకంటే ఆవిరిగా పోతాయి. చలికాలం పొద్దున కారు వెనక తెల్లగా కనిపించేది చాలా వరకు ఆ ఆవిరే.

ఆ ఆవిరి వేడిగా ఉన్నంతసేపు ఇనుముకు హాని లేదు. గొట్టం సుమారు 50 డిగ్రీలకు దిగువన ఉంటే మాత్రం, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు, ఆవిరి చుక్కలు కడుతుంది. ఇంజను ముందుంటుంది, సైలెన్సర్ బండికి అటు చివర వెనక ఉంటుంది. అది బాగా వేడెక్కాలంటే బండి కొంత దూరం నడవాలి. నా రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజను వేడెక్కేది, సైలెన్సర్ మాత్రం గోరువెచ్చగానే మిగిలేది. రోజూ కాసిని నీళ్లు అందులో నిలిచేవి. ఒట్టి నీళ్లయితే కొంత నయమే, కానీ వాటిలో పొగలోని ఆమ్లాలు కలుస్తాయి. పెట్రోలులో మిగిలిన కొద్దిపాటి గంధకం నుంచి కొంత, నత్రజని వాయువుల నుంచి కొంత. ఆ పుల్లనీళ్లను రాత్రంతా కడుపులో పెట్టుకుని సైలెన్సర్ నా వాకిట్లో నిలబడేది. రేకును లోపలి నుంచి తిన్నది అవే. ఎవరికీ పనికిరాకుండా దాచిపెట్టడమే జాగ్రత్త అనుకున్నాను. చూశారా, ఎంత పొరపాటో.

సరే, ఈ సైలెన్సర్ లోపల అసలు ఏముంటుంది? పాతది విప్పాక యాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూశాను. నాలుగు గదులు, వాటి మధ్య అడ్డు రేకులు, జల్లెడ లాగా చిల్లులు పడ్డ గొట్టాలు. అంతే. తిరిగే చక్రం లేదు, కదిలే భాగం లేదు.

నా బండిది మూడు సిలిండర్ల ఇంజను. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, సెకనుకు 75 సార్లు అందులో పెట్రోలు పేలుతుంది. ప్రతి పేలుడుకూ ఒక పొగ ముద్ద ఒత్తిడితో గొట్టంలోకి దూసుకొస్తుంది. ఆ దెబ్బలే మన చెవికి శబ్దం. సైలెన్సర్ ఆ దెబ్బను ఒక గదిలోకి వదిలి వెడల్పు చేస్తుంది, చిల్లుల్లోంచి చీలుస్తుంది, అడ్డు రేకుకు కొట్టించి వెనక్కి తిప్పుతుంది. డిండి జలాశయం కట్ట దగ్గర ఎప్పుడైనా నిలబడి చూశారా? వచ్చే అల, కట్టకు తగిలి తిరిగొచ్చే అల ఎదురుపడ్డ చోట్ల కొన్నిసార్లు నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి. శబ్దం కూడా అలే. అలతోనే అలను అణచడం ఆ డబ్బా చేసే పని.

ఈ పనిముట్టుకు 1897లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ అనే ఊళ్లో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అని అన్నదమ్ములు ఉండేవారు, ఆ పేటెంటు వాళ్లది. వాళ్లు తయారుచేసిన మోటారు బండి చప్పుడుకు దారిలో గుర్రాలు బెదిరేవని చెబుతారు. అమెరికావాళ్లు దీన్ని మఫ్లర్ అంటారు. మనం ఇంగ్లీషువాళ్ల మాట పట్టుకుని సైలెన్సర్ అంటున్నాం. పేరు ఏదైనా, పక్కన నడిచే జంతువు బెదరకూడదన్న ఆలోచన దాని పుట్టుకలో ఉందన్న సంగతి నాకు నచ్చింది. ఎందుకంటే మా ఊరి నుంచి శ్రీశైలం దారిలోని దోమలపెంట దాకా అడవిలో ఇప్పటికీ అదే లెక్క.

మా అడవి, అంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. చిరుతలు, ఎలుగులు, దుప్పులు, రేచుకుక్కలు ఆ అడవిలో ఉన్నాయి. అడవిలో చూపు పది గజాలు పారితే గొప్ప. అందుకే అక్కడ బతుకంతా చెవి మీద నడుస్తుంది. పులి జాడ తెలియగానే చెట్టు మీది కొండముచ్చు ఖర్‌ఖర్‌మని దగ్గుతుంది. ఆ దగ్గు విని కింద దుప్పి తోక లేపుతుంది. చెంచు పెద్దలు అడవిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతారు. మనకు ఏమీ వినబడదు, వాళ్లు మాత్రం ఏదో విన్నారు. ఆ కబురు నడిచే సమయంలో నా కారు గర్జించుకుంటూ పోతే కొండముచ్చు దగ్గు దుప్పికి చేరదు. నాకది ఒక్క నిమిషం రొద, దుప్పికి ప్రాణం మీదికి వచ్చే సంగతి.

చట్టం సంగతీ చెప్పాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి ఇంజను బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండవచ్చు. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో పోలీసులు కుర్రాళ్ల మోటారు సైకిళ్ల నుంచి పీకిన, పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. డబ్బు పెట్టి చప్పుడు కొనుక్కునేవాళ్లు వాళ్లు. నాకు మాత్రం ఆ చప్పుడు ఉచితంగా వచ్చింది.

చప్పుడు కంటే పెద్ద ప్రమాదం చప్పుడు లేనిది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గొట్టం చివరి నుంచి పొగ వెనక్కి పోతే గాలిలో కలిసిపోతుంది. మధ్యలో చిల్లు పడితే కారు అడుగునే తిరిగి, అడుగు రేకులో ఉన్న సందుల్లోంచి లోపలికి రావచ్చు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, వెనక సీట్లో పిల్లలను పడుకోబెట్టి శ్రీశైలం పోతాం కదా. దారిలో తలనొప్పి, వికారం, మత్తు వస్తే ఘాట్ రోడ్డు మలుపులని సరిపెట్టుకుంటాం. బండి చప్పుడు కూడా పెరిగి ఉంటే సరిపెట్టుకోకండి. వెంటనే బండి ఆపి, తలుపులు తీసి, అందరినీ బయటికి దింపండి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజను ఎప్పుడూ నడపకండి, సైలెన్సర్ కొత్తదైనా సరే.

ఇక మార్చే పనికి వద్దాం. అచ్చంపేట నుంచి కొత్త సైలెన్సర్, రెండు బోల్టులు, ఒక ప్యాకింగు, మూడు రబ్బరు కొక్కేలు కొనుక్కొచ్చాను. రబ్బర్లు పాతవే బాగున్నాయని మిగుల్చుకోకండి. పదిహేడేళ్ల రబ్బరు వంచితే బీటలు కనిపిస్తాయి. నాకు తోడు మా తమ్ముని కొడుకు. ఐటీఐ చదువుతున్నాడు. వాడికి చేతుల్లో బలం, నాకు నోట్లో సలహాలు.

మొదటి సాయంత్రం చేసిన పని ఒక్కటే. బండి పూర్తిగా చల్లారాక, తుప్పు పట్టిన రెండు బోల్టులను ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాం. రాత్రి పడుకోబోయే ముందు మరోసారి, తెల్లారి లేవగానే మరోసారి. తుప్పు పట్టిన బోల్టు దగ్గర తొందర పడితే తల తెగి చేతికి వస్తుంది. అప్పుడు అరగంట పని ఒక రోజు పని అవుతుంది. బంధువుల పంచాయితీ లాంటిది అది. రాత్రంతా నానబెడితే పొద్దున కాస్త కదులుతుంది.

మర్నాడు బండి లేపడం. శ్రోతలారా, ఈ ముక్క జాగ్రత్తగా వినండి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. సైలెన్సర్ విప్పడానికి మనం లేపేది కూడా వెనక చక్రాలనే. అవి గాలిలో ఉన్నాక హ్యాండ్ బ్రేకు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. అందుకని గట్టి, సమతలమైన నేల చూసుకుని, ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లో దుంగలో అడ్డం పెట్టాలి, బండి గేరులో ఉంచాలి. జాకీ ఉన్నది లేపడానికే గానీ మోయడానికి కాదు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. లేపిన తర్వాత రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టి, వాటి మీదికి బండిని దించాలి. ఇటుకలు వద్దు, అవి ఉన్నట్టుండి పగులుతాయి. స్టాండ్లు దొరకకపోతే ఆ రోజు పని మానుకోండి. మేము స్టాండ్లు పెట్టాక కూడా స్టెప్నీ టైరును అడ్డంగా కారు కిందికి తోశాం. తర్వాత బండిని చేత్తో ఊపి చూశాం. కదల్లేదు. అప్పుడే దూరాం.

14 నంబరు పానా పట్టింది. ఒక బోల్టు కిర్రుమని తిరిగింది. రెండోది రానంది.

"పెద్దనాయిన, గ్రైండర్ తెద్దునా? రెండు నిమిషాలల్ల కోసేస్త" అన్నాడు వాడు.

"నీ నెత్తి మీద ఏముందో చూడు" అన్నాను.

పైకి చూశాడు. పెట్రోలు ట్యాంకు. మళ్లీ గ్రైండర్ ఊసెత్తలేదు. గ్రైండరు నిప్పురవ్వలు, గ్యాసు మంట, వెల్డింగు, ఈ మూడూ ట్యాంకు దగ్గర ఇంట్లో చేసే పనులు కావు. యాక్సా బ్లేడు తీసుకుని ఇరవై నిమిషాలు కోశాం. వాడొక పది, నేనొక పది. చెయ్యి నొప్పి పుట్టింది గానీ, మీసం కాలలేదు.

బోల్టులు పోయాక సైలెన్సర్ రబ్బరు కొక్కేలకు వేలాడుతూ ఉంటుంది. ఒకరు కింద నుంచి పట్టుకోవాలి, ఇంకొకరు రబ్బర్లు లాగాలి. పాత రబ్బర్లు కోసేయవచ్చు. కొత్త రబ్బర్లు ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాస్తే గాజులు ఎక్కినట్టు జారి ఎక్కుతాయి. నూనె, గ్రీజు రాయకండి, రబ్బరును తినేస్తాయి. ముందరి గొట్టం అంచును బ్రష్షుతో రుద్ది శుభ్రం చేయాలి. పాత ప్యాకింగు ముక్క అంటుకుని ఉంటే గీకేయాలి. కొత్త ప్యాకింగు కూర్చోబెట్టి, బోల్టులు చేతివేళ్లతోనే తిప్పి వదలాలి. ఒకేసారి బిగించకూడదు. ముందు అన్ని కొక్కేలకూ తగిలించి, సైలెన్సర్ వంకర లేకుండా వేలాడుతోందా, ట్యాంకుకూ అడుగు రేకుకూ రెండు వేళ్ల సందు ఉందా అని చూసుకుని, అప్పుడు రెండు బోల్టులనూ కొద్దికొద్దిగా, సమానంగా బిగించాలి. మొదలే బిగిస్తే గొట్టం అడ్డంగా పడి, ఘాట్ మలుపుల్లో టకటకమని కొడుతుంది.

బండి దించి, వాకిట్లోనే స్టార్టు చేశాం. చల్లటి ఇంజను మీద, మందపాటి తడిగుడ్డను గొట్టం చివర ఒక్క క్షణం ఆనిస్తే, అతుకు దగ్గర లీకు ఉంటే బుస్సుమని తెలిసిపోతుంది. మాది బుస్సు అనలేదు. మొదటి పది నిమిషాలు పెయింటు, నూనె కాలిన వాసన, కాస్త పొగ వస్తాయి. భయపడక్కర్లేదు. రెండు రోజులు తిరిగాక బోల్టులు మరోసారి బిగించాలి.

మనం ముట్టకూడనివీ చెబుతాను. ఇంజనుకు దగ్గరగా ఉండే గొట్టం, క్యాటలిటిక్ కన్వర్టర్, దానికి గుచ్చిన సెన్సారు వైరు, ఇవి మెకానిక్ పని. కొత్త బండ్లలో ఇవి కలగలిసి ఉంటాయి కాబట్టి, మీ బండిలో సైలెన్సర్ విడిగా విప్పే జాయింటు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే కొనకముందే ఆగిపోవడం మంచిది.

ఇంకొకటి. చాలా సైలెన్సర్లకు అడుగున సూది బెజ్జమంత చిల్లు ఒకటి కంపెనీ నుంచే ఉంటుంది. అది నీళ్లు కారిపోవడానికి. మా ఊళ్లో ఒకాయన దాన్ని తుప్పు చిల్లు అనుకుని వెల్డింగు పెట్టించాడు. పూలకుండీ అడుగు చిల్లు మూసినట్టు అయింది. మీరు మూయకండి. మట్టి కూరుకుపోతే పుల్లతో పొడిచి తీయండి.

ఇక అసలు మందు. వారానికి ఒక్కసారైనా బండిని ఆపకుండా అరగంటో ముప్పావు గంటో నడపండి. లోపలి నీళ్లు ఆవిరై పోతాయి. పెట్రోలు ఖర్చని వెనకాడతారేమో, కొత్త సైలెన్సర్ ధర అడిగి చూడండి. అసలు ఆ రెండు కిలోమీటర్లకు కారే ఎందుకని కూడా ఆలోచించాను. ఇప్పుడు పాలకు నడిచిపోతున్నాను. మనవడు బస్సు దగ్గరికి నా వేలు పట్టుకుని నడుస్తున్నాడు, దారిలో ప్రతి గొర్రెనూ పలకరిస్తున్నాడు. కారు మాత్రం ఆదివారం కోసం ఆగుతుంది.

సైలెన్సర్ మార్చిన మొదటి ఆదివారం పొద్దున 6కు గేటు లేవగానే దోమలపెంట దాకా పోయాం. బయలుదేరే ముందు చూస్తే గొట్టం చివర నుంచి చుక్క చుక్కగా నీళ్లు రాలుతున్నాయి. పక్కింటాయన గోడ మీంచి చూసి, "కొత్తది కూడా కారుతుందా సారూ?" అన్నాడు. "పోయొచ్చినాక చూడుండ్రి" అన్నాను. వటవర్లపల్లి దాటాక, అద్దాలు దించుకుని పోతుంటే ఎక్కడో కొండముచ్చు దగ్గింది. వెనక సీట్లోంచి మనవడు, "తాతా, ఎవరికో జలుబు చేసింది" అన్నాడు. కారు ఆపలేదు, అక్కడ ఆపకూడదు. నా బండిలో కూర్చుని ఆ దగ్గు వినడం మాత్రం నాకు అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి, బండి వాకిట్లో పెట్టి, ఇంజను ఆపకుండా దిగి వెనక్కి పోయి వంగి చూశాను. పక్కింటాయనా వచ్చి నాతోపాటు వంగాడు. గొట్టం కింద నేల పొడిగా ఉంది.